చప్పుడు పెరిగితే భక్తి పెరుగుతుందా?

హెవీ మెటల్ వాయించే గిటారుకు ఎంత బలమైన పికప్ పెట్టుకోవాలన్నది పైకి సామాను కొనేవాడి ప్రశ్న. కాస్త లోతుకు దిగితే అది భక్తుడి ప్రశ్న కూడా. తంత్రి దగ్గర పుట్టిన సంకేతాన్ని మొదట్లోనే పెద్దది చేస్తే, దాంతోపాటు వాయించేవాడి ఆవేశం కూడా పెద్దదవుతుందా? తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి మెటల్ కచేరీలకు పేరుపడ్డ ఊళ్లు కావు. హైదరాబాద్‌లో గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బృందాలు పుట్టాయి గానీ, ఈ ఊళ్లలో చెవులు దద్దరిల్లే చప్పుడు వినాలంటే వినాయక నిమజ్జనానికో, దుర్గమ్మ ఊరేగింపుకో వెళ్లాలి. ట్రాలీ మీద పేర్చిన డీజే బాక్సులు ఒకవైపు, ప్రార్థన మందిరాల్లో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, గిటారు మరోవైపు. దేవుడి పేరున కరెంటుతో శబ్దాన్ని పెంచడం మతాలన్నిటికీ ఉమ్మడి అలవాటైపోయింది. ఆ పెంపుతో ఏం వస్తుందో, ఏం పోతుందో తేల్చుకోవడానికి ఊరేగింపు మంచి చోటు కాదు. అక్కడ భక్తి, పంతం, రాజకీయం కలగాపులగమై ఉంటాయి. పికప్ దగ్గర ఉన్నది ఒక చెయ్యి, ఒక తంత్రి, ఒక తీగచుట్ట, అంతే. అందుకే అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. నా వాదన ఇది: తీవ్రతను చప్పుడు కొలతతో తూచలేం. మెల్లనిదానికీ గట్టిదానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నదే తీవ్రత. ఆ ఎడాన్ని మింగేసే పెంపు, సంగీతంలోనైనా పూజలోనైనా, చేసేవాడినే ఆ పనిలోంచి తప్పిస్తుంది.

పికప్ చేసే పని చిన్నదే. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దానిపైన ఉక్కు తంత్రి అదిరితే అయస్కాంత క్షేత్రం మారి, ఆ మార్పు చుట్టలో కాస్త ఓల్టేజీ పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. చుట్లు పెంచినా, ఆల్నికో బదులు బలమైన సిరామిక్ అయస్కాంతం పెట్టినా ఓల్టేజీ పెరుగుతుంది. హై అవుట్‌పుట్ అంటే ఇదే. అయితే ఏదీ ఊరికే రాదు. చుట్లు ఎక్కువయ్యేకొద్దీ పైస్వరాల మెరుపు తగ్గి ధ్వని మొద్దుబారుతుంది. బలమైన అయస్కాంతాన్ని తంత్రులకు మరీ దగ్గరగా బిగిస్తే అది తంత్రిని తనవైపు లాగి, దాని కదలికనే నొక్కేస్తుంది. కొనేవాళ్లు చూసే కిలో ఓమ్‌ల అంకె కూడా మోసపుచ్చేదే. పాత గిబ్సన్ హంబకర్ పికప్‌కు అది 8 దరిదాపుల్లో ఉంటే, బలమైన పికప్‌కు 13, 14 ఉంటుంది. కానీ అది తీగ నిరోధం మాత్రమే. తీగను ఇంకా సన్నం చేస్తే చుట్లు పెరగకపోయినా ఆ అంకె పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, పికప్ ఓల్టేజీ రెట్టింపైతే సంకేతం పెరిగేది 6 డెసిబెల్స్. మెటల్‌లో యాంప్లిఫైయర్ అప్పటికే నిండిపోయి ఉంటుంది కనుక ఆ 6 డెసిబెల్స్ చప్పుడుగా బయటికి రావు. అలల నెత్తులు తెగి, అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి. హాల్లో ఎంత మోగాలో తేల్చేది యాంప్ మీది నాబ్. బలమైన పికప్ తేల్చేది, చేతి బరువులోని తేడాల్లో ఎన్ని బతికి బయటికి రావాలన్నది.

చరిత్ర చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. హెవీ మెటల్‌కు మూలపురుషుల్లో ఒకడైన టోనీ అయోమీ 1965లో బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఆ వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నని తంత్రులు కట్టుకుని, 1970 ఫిబ్రవరి 13న తన బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ తెచ్చాడు. అందులో అతను వాడినవి పీ-90 పికప్‌లు. ఇవాళ్టి కొలతలో అవి మధ్యరకం. అంటే ఆ సంగీతపు బరువు అధిక అవుట్‌పుట్ పికప్‌తో పుట్టలేదు. మెల్లగా నడిచే రిఫ్‌తో, మోగిన స్వరాన్ని మోగనిచ్చే ఓపికతో పుట్టింది. 1972లో లారీ డిమార్జియో సూపర్ డిస్టార్షన్ పికప్ తెచ్చాడు. అప్పటి యాంప్‌లలో గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే శక్తి, తక్కువ. వాటిని పగిలేదాకా నెట్టడానికి మొదట్లోనే బలమైన సంకేతం కావాల్సివచ్చింది. ఆ అవసరం నిజమైనది. ఇవాళ చిన్న ప్రాక్టీస్ యాంప్‌లో కూడా కావాల్సిన దానికి మించి గెయిన్ ఉంది. అవసరం తీరిపోయింది, అలవాటు మిగిలింది. మైకు సంగతీ ఇంతే. వేలమంది చేరే జాతరలో చివరి వరుస దాకా మాట చేరాలంటే మైకు కావాలి. ఇరవై మంది కూర్చున్న భజన గదిలో అదే మైకును అదే మోతలో పెడితే అది వినిపించడానికి పనికొచ్చే సాధనంగా ఉండదు. భక్తి జరుగుతోందని చాటే గుర్తుగా మారుతుంది. ఆచారాలు చాలావరకు ఇలాగే గట్టిపడతాయి. ఒకప్పటి కారణం పోయాక కూడా పని మిగిలిపోయి, తానే కారణమై కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు నష్టం ఎక్కడుందో చూద్దాం. సాధారణ పికప్ ఉన్న గిటారు మీద బొటనవేలి పక్కతో తంత్రిని తాకితే ఒక ధ్వని, మీటు (పిక్) కొసతో తాకితే మరో ధ్వని, మణికట్టు విసురు కలిపి కొడితే ఇంకో ధ్వని వస్తాయి. యాంప్ పగిలే అంచున ఉంటే మొదటిది శుభ్రంగా, రెండోది గరుకుగా, మూడోది గర్జనగా వినిపిస్తుంది. గెయిన్ తగ్గించకుండా అధిక అవుట్‌పుట్ పికప్ పెడితే మూడూ గర్జనలే. తడిమినా అదే అరుపు, బాదినా అదే అరుపు. విన్నవాడికి వాయించినవాడు ఆ క్షణాన ఏం చేశాడో తెలిసే దారి ఉండదు. ధ్వని చేతికి సాక్ష్యంగా ఉండటం మానేస్తుంది. పూజలో ఇది పెద్ద సంగతి. దేవుడికి ఇచ్చేదేదైనా ఇచ్చేవాడి సొంతం నుంచి రావాలన్నది అన్ని మతాలూ ఒప్పుకునే మాట. పత్రమైనా, పుష్పమైనా, చందాపెట్టెలో వేసిన నాణెమైనా దాని విలువ ఇచ్చినవాడు ఎంత వదులుకున్నాడన్న దానితో తేలుతుంది. మెల్లగా చేసినా, గట్టిగా చేసినా, మనసు పెట్టి చేసినా, పెట్టక చేసినా ఒకే ఫలితం వచ్చే ఏర్పాటులో చేసినవాడు వదులుకున్నదేమిటో చెప్పలేం. అక్కడ సమర్పణ జరిగిందో, యంత్రం నడిచిందో వేరుచేసే ఆధారం ఉండదు.

మన గ్రంథాలు ఈ ప్రశ్నను ఎరగకపోలేదు. మనుస్మృతి రెండో అధ్యాయం విధియజ్ఞం కన్నా జపం పది రెట్లు, పెదవులు కదిలీ కదలని ఉపాంశు జపం వంద రెట్లు, మానసిక జపం వెయ్యి రెట్లు గొప్పదంటుంది. మెట్లు ఎక్కేకొద్దీ చప్పుడు తగ్గుతూ పోతుంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో సంగీత రత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు నాదాన్ని నాభి దగ్గర అతిసూక్ష్మంగా మొదలుపెట్టి, హృదయం, కంఠం, శిరస్సు మీదుగా నోటిదాకా తెచ్చి ఐదు విధాలుగా చెప్పాడు. బయటికి వినిపించేది ఆ వరుసలో చివరి అంచె. ముందున్నవి లేకుండా అది లేదు. బైబిల్ రాజుల మొదటి గ్రంథంలో ఏలీయాకు దేవుడు పెనుగాలిలో గానీ, భూకంపంలో గానీ, అగ్నిలో గానీ దొరకడు, ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరంలో దొరుకుతాడు. ఖురాన్ 17వ సూరా ప్రార్థనను మరీ బిగ్గరగానూ మరీ లోగొంతులోనూ చేయవద్దని, నడిమి దారి పట్టమని చెబుతుంది. వీటిలో ఏదీ శబ్దాన్ని నిషేధించలేదు. అన్నిటిలో ఉన్నది ఒకే ఎరుక: ధ్వనికి స్థాయిలుంటాయి, ఆ స్థాయిల మధ్య కదలగలగడమే సాధకుడి పని. నోరు విప్పకుండా జపించడం తెలిసినవాడు నోరెత్తి పిలిస్తే ఆ పిలుపుకు బరువుంటుంది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది, అదీ భక్తి సంప్రదాయం లోపలి నుంచే. తిరుక్కోట్టియూరులో గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని రామానుజులు అందరికీ వినపడేలా ఎలుగెత్తి చెప్పారని వైష్ణవులు తరతరాలుగా చెప్పుకుంటారు. బెంగాల్‌లో చైతన్యుడి సహచరుడు హరిదాసు బిగ్గర నామకీర్తనే గొప్పదని వాదించాడు. మౌనంగా జపించేవాడు తానొక్కడే తరిస్తాడు, ఎలుగెత్తినవాడు విన్న ప్రతి జీవినీ తరింపజేస్తాడన్నది ఆయన తర్కం. బైబిల్ కీర్తనల గ్రంథం చివరి కీర్తన గంభీర ధ్వని చేసే తాళాలతో స్తుతించమంటుంది. కాకతీయుల నాటి నృత్త రత్నావళిలో జాయప సేనాని వర్ణించిన పేరిణి వాద్యాల హోరు మీద నడిచే వీరనృత్యం. ఇవన్నీ ఉండగా చప్పుడును అనుమానించడం పండితుడి అహంకారం కాదా? కాదనే అంటాను. రామానుజుల కథలో పెద్దదైంది గొంతు కన్నా ముందు వినే హక్కు. అంతవరకు వినకూడనివాళ్లు విన్నారు. హరిదాసు తర్కం నిలబడేది వినేవాడి మేలు మీద. ఆ మేలును కొలబద్దగా పెట్టుకుంటే, వినేవాడికి హాని చేసే శబ్దం ఆయన లెక్కలోనే ఓడిపోతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చంటుంది. అదే 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. పైగా భారీ మోత తర్వాత చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారుతుంది, నిన్నటి మోత ఇవాళ చాలదనిపిస్తుంది. అనుభవించేకొద్దీ కోరిక చల్లారదు, నెయ్యి పోసిన అగ్నిలా పెరుగుతుందని మహాభారతంలో యయాతి వయసంతా ఖర్చుపెట్టి తెలుసుకున్నది చెవి విషయంలో అక్షరాలా నిజం.

చట్టం ఈ చిక్కును విప్పింది ఒక గిటారు ఉన్న కేసులోనే. చెన్నైలోని ఒక పెంతెకొస్తు ప్రార్థన మందిరంలో డ్రమ్ సెట్, గిటారు వంటి వాద్యాల మోత మీద చుట్టుపక్కలవాళ్లు వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని గానీ, మైకులు, డప్పులు పెట్టి ప్రార్థించమని గానీ ఏ మతమూ చెప్పలేదని 2000 ఆగస్టు 30న కోర్టు తేల్చింది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు ఇళ్ల ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మూయమన్నాయి. తర్వాత పండగలకు అర్ధరాత్రిదాకా సడలింపు ఇచ్చినా ఏడాదికి 15 రోజులు మించకూడదన్నాయి. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. ఇవి మంచివే, కానీ చట్టం పక్కింటివాడి చెవిని కాపాడగలదు, భక్తుడి భక్తిని కాపాడలేదు. 55 డెసిబెల్స్ లోపల కూడా యాంత్రికంగా పూజించవచ్చు. హద్దు మీరకూడదన్నది పౌరధర్మం. హద్దు లోపల ఏం చేస్తున్నామన్నది సాధన ధర్మం. పికప్ ప్రశ్న ఈ రెండోదానికి సంబంధించింది.

ఇంకా బలమైన ఆక్షేపణ సమాజం నుంచి వస్తుంది. నెమ్మది గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎప్పుడూ వినిపించే స్థానంలో ఉన్నవాళ్లే. వందల ఏళ్లు ఊరి బయట ఉంచినవాళ్లు ఊరి నడిబొడ్డున మోత మోగిస్తే, దాన్ని శబ్దకాలుష్యం అనడం అన్యాయం కాదా? ఇందులో నిజముంది. డప్పును మాదిగలకు వెట్టిగా అంటగట్టారు. చావుకూ చాటింపుకూ వాళ్లే కొట్టాలి, గుడి గడప మాత్రం దాటకూడదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఆ డప్పునే ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తిపట్టింది. ఆ చప్పుడును తగ్గించమనే అర్హత ఎవరికీ లేదు. అయితే డప్పు ఎలా మోగుతుందో దగ్గరగా చూడాలి. ముందు చిన్న మంట వేసి తోలును కాచుతారు, బిగువు వచ్చిందో లేదో చేత్తో తట్టి చూస్తారు. ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల. లావుపాటి సిర్ర దెబ్బ వేస్తే సన్నపుల్ల నడక నింపుతుంది. పెద్దదెబ్బ పెద్దదిగా వినపడేది పక్కన చిన్నదెబ్బలు ఉండబట్టే. తోలు చల్లబడి సాగితే మళ్లీ మంట దగ్గరికి పోవాలి. ఇంకా మోత కావాలంటే ఇంకో మనిషి రావాలి. పది డప్పుల చప్పుడంటే పది మంది నిలబడ్డారని అర్థం. ఆ మోతలో మనుషుల లెక్క ఉంది. డీజే బాక్సుకు ఆ లెక్క లేదు. మోత పెంచడానికి ఒక నాబ్ తిప్పితే చాలు, వందమంది నోళ్లు మూసుకున్నా అది తగ్గదు. పైగా డీజే వచ్చిన ఊరేగింపులో మొదట పని పోయేది డప్పు కళాకారులకే. కాబట్టి అణగారినవాళ్ల గొంతు పేరు చెప్పి డీజేను సమర్థించడం ఆ గొంతునే పక్కకు నెట్టడం.

బతుకమ్మ దీనికి అవతలి సాక్ష్యం. సద్దుల నాడు కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఆడవాళ్లు పాత పద్ధతిలో ఆడితే వాద్యమన్నదే అక్కర్లేదు. ఒకామె పాట అందుకుంటుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని ఎత్తుకుంటారు, వంగి లేచే లయకు చప్పట్లే తాళం. ఒక్క గొంతుకూ గుంపు గొంతుకూ మధ్య ఉన్న ఎడమే ఆ పాటను నడిపిస్తుంది. దాని పక్కన రికార్డు చేసిన బతుకమ్మ పాటను డీజేలో పెడితే పాట ఆగదు, అయితే ఎత్తుకునే అవసరం ఆగిపోతుంది. ఆడేవాళ్లు మెల్లగా చూసేవాళ్లవుతారు. చేసేవాడు పనిలోంచి తప్పిపోవడమని నేను మొదట అన్నది ఇదే.

ఇక మెటల్ అభిమాని ఆక్షేపణ మిగిలింది. ఎడం లేకపోవడమే మా సంగీతపు సొగసు, ఆ గోడలాంటి ధ్వనిలో ‘నేను’ కరిగిపోతుంది, అదీ ఒక సమాధే అని అతను అనవచ్చు. అహం కరగడం నిజమైన అనుభవమే, దాన్ని తేలిక చేయను. కానీ మెటల్‌ను జాగ్రత్తగా వింటే అందులోనూ ఎడం చావలేదు, చోటు మార్చుకుంది. గట్టికీ మెల్లకీ మధ్య ఉండాల్సినది ధ్వనికీ నిశ్శబ్దానికీ మధ్యకు వెళ్లింది. అరచేతి అంచును బ్రిడ్జ్ దగ్గర తంత్రుల మీద ఆనించి, మీటును కిందికే కొడుతూ పోయే పామ్ మ్యూట్ రిఫ్‌లో ప్రతి దెబ్బా టక్కున ఆగాలి. మెటల్ గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేతిని తోటివాళ్లు మెచ్చుకునేది ఆ ఆపడం కోసమే. అతను ఏళ్ల తరబడి వాడిన ఈఎంజీ 81లో కిటుకూ ఇదే. అందులో చుట్టలకు లోపలే చిన్న ప్రీయాంప్, దానికి 9 ఓల్టుల బ్యాటరీ ఉంటాయి. అవుట్‌పుట్ ఎక్కువే. కానీ హమ్, బుస్సుమనే శబ్దం చాలా తక్కువ కావడంతో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ శుభ్రంగా ఉంటుంది. చవకబారు బలమైన పికప్ ఆ ఖాళీని రొదతో నింపుతుంది. రెండూ హై అవుట్‌పుట్ పేరుతోనే అమ్ముడవుతాయి. ఒకటి నిశ్శబ్దాన్ని కాపాడుతుంది, ఇంకోటి తినేస్తుంది. అంటే మెటల్ తన కట్టుబాట్లలోనే ఈ వాదనకు సాక్ష్యం చెబుతోంది. అహం కరిగించే గోడ కూడా ఆగడం తెలిసిన చేతులే కట్టగలవు. ఆపలేనివాడు కరిగిపోయాడని అనలేం, కొట్టుకుపోయాడు.

కాబట్టి హెవీ సంగీతానికి అధిక అవుట్‌పుట్ పికప్ పాపమూ కాదు, పుణ్యమూ కాదు. దాన్ని ఎంచుకోవడానికి కొలతలు మాత్రం మార్చుకోవాలి. కిలో ఓమ్‌ల అంకె పక్కనపెట్టి మూడు సంగతులు చూడాలి. తంత్రిని తడిమినప్పుడూ బాదినప్పుడూ తేడా వినిపిస్తోందా? గిటారు వాల్యూమ్ సగానికి తగ్గిస్తే ధ్వని శుభ్రపడుతోందా, లేక అదే రొద చిన్నదై వస్తోందా? తంత్రులను చేత్తో మూసినప్పుడు యాంప్ నోరు మూసుకుంటోందా? ఈ మూడింటికీ నిలబడిన పికప్ ఎంత బలమైనదైనా పనికొస్తుంది, నిలబడనిది ఎంత ఖరీదైనా వద్దు. దాన్ని తంత్రులకు రెండు మిల్లీమీటర్లు దూరంగా దించి, గెయిన్ ఒక మెట్టు తగ్గించి చూస్తే కొత్తది కొనాల్సిన పనే లేదని చాలాసార్లు తేలుతుంది. ఎల్లారెడ్డి ప్రార్థన మందిరంలో గిటారు పట్టుకున్న కుర్రాడికైనా, కామారెడ్డి మండపంలో డీజేకు చందాలు పోగుచేసే కమిటీకైనా పరీక్ష ఇదే. కరెంటు పోయిన పది నిమిషాల్లో వాళ్ల దగ్గర పాట మిగిలితే ఆ మైకు, ఆ బాక్సు, ఆ పికప్ వాళ్లకు సేవ చేస్తున్నాయి. ఏమీ మిగలకపోతే అప్పటిదాకా మొక్కింది కరెంటుకే. అలాంటిచోట చందా డబ్బుతో ఇంకో రెండు బాక్సులు తేవడం కన్నా నలుగురు డప్పు కళాకారులకు కూలి కట్టడం మేలు. ఊరికి చప్పుడూ తక్కువ కాదు, ఆ చప్పుడు ఎవరి చేతులదో కూడా తెలుస్తుంది.